రైతుకి పైసా ఇవ్వని సర్కారు

ఇక్కడ ఆక్లండ్‌లో ఆదివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి, గుంటూరు జిల్లాలో మా బావ పొలం చూసుకొని వచ్చి టిఫినుకి కూర్చుంటాడు. ఆ వేళకే ఫోను చేస్తాను. ఇరవై ఏళ్లుగా ఆయన అడిగే ప్రశ్నల్లో ఒకటి మారలేదు. "అక్కడ రైతుకి గవర్నమెంటు ఎంత ఇస్తుందిరా?" ఏమీ ఇవ్వదు బావా అంటాను. యూరియాకి ఇవ్వదు, కరెంటుకి ఇవ్వదు, మద్దతు ధర అన్న మాటే లేదు. ఆయన కాసేపు నమ్మడు. తర్వాత, "మరి గవర్నమెంటు ఉండి ఏం లాభం?" అంటాడు.

ఆ ప్రశ్నకి ఫోనులో జవాబు చెప్పడం నాకు ఎప్పుడూ కుదరలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇండియా నుంచి వచ్చే ప్రతి తెలుగువాడికీ న్యూజిలాండ్ ప్రభుత్వం మొదట కనిపించేది విమానాశ్రయంలో, బల్ల మీద సంచి విప్పిస్తూ. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఆవకాయ జాడీకి నాలుగు వరసలు ప్లాస్టిక్ చుట్టి తెచ్చింది. తనిఖీ చేసే అమ్మాయి చేతులకి గ్లౌజులు వేసుకొని ఒక్కో పొర విప్పింది, మూత తీసి చూసింది, పచ్చడి కాబట్టి వెళ్లనిచ్చింది. కాగితంలో పొట్లం కట్టిన గోంగూర విత్తనాలు మాత్రం తీసేసుకుంది. అమ్మ చెప్పుల అడుగున మట్టి ఉందేమోనని తిప్పి చూసింది. తినే వస్తువుని ఫారంలో రాయకుండా తెస్తే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. రైతుకి పైసా ఇవ్వని ఈ సర్కారు, ఆ రైతు పొలంలోకి పరాయి పురుగు ఒక్కటి కూడా రాకూడదని ముసలావిడ చెప్పులు కూడా తిప్పి చూస్తుంది. దీని వెనక నూటయాభై ఏళ్ల కథ ఉంది.

1882లో డునెడిన్ అనే ఓడ ఇక్కడి గొర్రె మాంసాన్ని శీతలయంత్రంతో గడ్డకట్టించి లండన్‌కి మోసుకుపోయింది. అప్పట్నుంచి ఈ దేశం బ్రిటన్‌కి పొలంలా బతికింది. ఉన్ని, మాంసం, వెన్న, చాలావరకు అక్కడికే. ఆ ఆదాయంతో ఇక్కడివాళ్లు చిన్న దేశానికి పెద్ద పనులే చేశారు. 1893లో ఆడవాళ్లకి ఓటు, 1898లో వృద్ధాప్య పింఛను, 1938లో సామాజిక భద్రతా చట్టం. ప్రభుత్వమే ఇళ్లు కట్టి అద్దెకివ్వడం మొదలుపెట్టినప్పుడు, 1937లో వెల్లింగ్టన్‌లో మొదటి ఇంట్లోకి ప్రధాని మైకేల్ సావేజ్ స్వయంగా భోజనాల బల్ల మోసుకుంటూ వెళ్లాడు. నేను పనికి వెళ్లే ముసలివాళ్ల ఇళ్లల్లో ఆయన ఫొటో గోడ మీద ఉండేదని ఇప్పటికీ చెబుతారు. మన ఇళ్లల్లో ఎన్టీఆర్ ఫొటో ఉన్నట్టు.

1973లో బ్రిటన్ యూరప్ కూటమిలో చేరిపోయింది. అదే సమయంలో చమురు ధరలు పెరిగాయి. అతి పెద్ద కొనుగోలుదారు పోయినప్పుడు ఏం చెయ్యాలన్నది తెలియక, ప్రభుత్వం అన్నీ తన చేతుల్లోకి తీసుకుంది. రాబర్ట్ మల్డూన్ 1975 నుంచి 1984 దాకా ప్రధాని. 1979లో పెట్రోలు పొదుపుకని, ప్రతి కారు యజమానీ వారానికి ఒకరోజు బండి బయటికి తియ్యకూడదని రూలు తెచ్చాడు. 1982లో జీతాలు, ధరలు, అద్దెలు ఎక్కడివక్కడ ఆపేశాడు. దిగుమతికి లైసెన్సు కావాలి. విదేశీ పత్రికకి చందా కట్టాలన్నా రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. కొత్త కారు దొరక్క పాత కారుకే ఎక్కువ ధర పలికేది. బజాజ్ చేతక్ స్కూటరు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లకి ఈ సంగతి వివరించనక్కర్లేదు.

గొర్రెల సంగతి అన్నిటికన్నా చిత్రం. మందలో పెరిగిన తలకి ఇంత అని ప్రోత్సాహకం, మాంసానికి, ఉన్నికి ప్రభుత్వం హామీ ఇచ్చిన కనీస ధర, ఎరువుకి రాయితీ, అప్పుకి తక్కువ వడ్డీ. దాంతో 1982 నాటికి ముప్పై లక్షల మంది జనం ఉన్న దేశంలో గొర్రెలు ఏడు కోట్లయ్యాయి. గొర్రెల రైతు ఆదాయంలో మూడో వంతుకి మించి ఖజానా నుంచే వచ్చేది. కొనేవాడు లేని మాంసాన్ని చివరికి ఎరువు కింద మార్చారు. ప్రజల పన్నుతో పెంచి, ప్రజల పన్నుతో కొని, మట్టిలో కలిపారు.

1984 జులైలో ఎన్నికలు. విదేశీ మారక నిల్వలు అడుగంటాయి. గెలిచిన లేబర్ పార్టీ మాట మీద వెంటనే డాలరు విలువని 20 శాతం తగ్గించారు. ఆర్థికమంత్రి రోజర్ డగ్లస్ ఆ నవంబరు బడ్జెట్‌లోనే రైతు రాయితీలకి కత్తెర వేశాడు. 1985 మార్చిలో డాలరుని మార్కెట్టుకి వదిలేశారు. 1986 అక్టోబరులో దాదాపు అన్నిటి మీదా ఒకే రేటు జీఎస్టీ వచ్చింది, అప్పట్లో 10 శాతం. తెలుగువాడికి ఇది చదవగానే 1991 జులై గుర్తుకొస్తుంది. అదే మారక నిల్వల కరువు, అదే కరెన్సీ విలువ తగ్గింపు. పీవీ నరసింహారావు గారు తెరిచిన తలుపుల్ని ఇక్కడ ఏడేళ్ల ముందే తెరిచారు. తేడా వేగంలో ఉంది, ఎవరితో మొదలుపెట్టారన్నదాంట్లో ఉంది. పీవీ గారు రైతు రాయితీల్ని పూర్తిగా తీసెయ్యలేదు. ఇక్కడ మొట్టమొదట రైతునే పట్టుకున్నారు.

నేను పాలు పితికే యంత్రాల ఎలక్ట్రికల్ పని చేస్తాను. అందువల్ల వైకాటో, కింగ్ కంట్రీ ప్రాంతాల్లో తిరగని పొలం లేదు. టే కుయిటి దగ్గర ఒక పెద్దాయన, డెబ్భై దాటాయి, ఇప్పటికీ తన మంద తానే చూసుకుంటాడు. 1986లో పార్లమెంటు ముందు ఊరేగింపు చేసిన వేలమంది రైతుల్లో ఆయనొకడు. వడ్డీ ఇరవై శాతం దాటిందట. రెండేళ్లు పొలానికి ఎరువు వెయ్యలేదు, కంచె బాగుచెయ్యలేదు. భార్య స్కూల్లో పనికి కుదిరింది. "తలలు లెక్కపెట్టి డబ్బిచ్చేవారు, అందుకని తలలు పెంచాం. ఇవ్వడం మానేశాక గొర్రె వంక చూశాం" అన్నాడు. అంటే మంచి జాతిని ఎంచుకున్నారు, కవల పిల్లల్ని ఈనేవాటిని నిలుపుకున్నారు, కొండవాలు భూములు వదిలేశారు, వీలైనచోట పాడికి మళ్లారు. ఎనిమిది వేల మంది రైతులు దివాలా తీస్తారని అప్పట్లో అంచనా వేశారు. బలవంతంగా పొలం అమ్ముకున్నవాళ్లు ఎనిమిది వందల దాకా తేలారు. ఇప్పుడు గొర్రెలు రెండున్నర కోట్లకి లోపే. కానీ ఒక్కో గొర్రె ఈనే పిల్లలూ పెరిగారు, ఒక్కో పిల్ల బరువూ పెరిగింది.

ఒక మాట మరిచిపోకూడదు. ఆ గడ్డుకాలంలో ప్రభుత్వపు రూరల్ బ్యాంకు రైతుల అప్పుల్లో కొంత వదులుకుంది. అలా వదులుకోకపోయి ఉంటే ఎనిమిది వందలు ఎనిమిది వేలయ్యేవేమో. ఇంకోటి, ఆ పెద్దాయనకి ఉన్నవి వందల హెక్టార్లు. మా బావకి ఉన్నవి నాలుగెకరాలు, అందులో ఎకరన్నర కౌలు. మన దగ్గర 2004లో రైతుల ఉచిత కరెంటు ఫైలు మీద పడ్డ సంతకాన్ని ఇక్కడి లెక్కతో కొట్టెయ్యమని నేను చెప్పను. తలలు లెక్కపెట్టి ఇచ్చే డబ్బు తలల్నే పెంచుతుందన్న సంగతి మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

రైతులు నిలదొక్కుకున్నారు. అడవి శాఖ ఊళ్లు నిలదొక్కుకోలేదు. 1987లో అడవులు, బొగ్గు, పోస్టు, అన్నిటినీ లాభం చూసుకునే కంపెనీలుగా మార్చినప్పుడు, మురుపారా, మింగినుయి లాంటి ఊళ్లల్లో ఇంటింటికీ ఒక ఉద్యోగం పోయింది. ఎక్కువమంది ఇక్కడి మూలవాసులైన మావోరీలు. వాళ్లకి అమ్ముకోడానికి పొలం లేదు, మళ్లడానికి పాడి లేదు. 1992 నాటికి పని కావాలనుకునే మావోరీల్లో నాలుగో వంతు మందికి పని లేదు. ఇప్పటికీ ఆ ఊళ్ల మీదుగా వెళ్తే మూతపడ్డ దుకాణాలు కనిపిస్తాయి. దీన్ని విజయగాథగా చెప్పేవాళ్లు ఆ రోడ్డున ఒకసారి వెళ్లిరావాలి. 1990లో వచ్చిన నేషనల్ పార్టీ ప్రభుత్వం 1991లో వాళ్లకిచ్చే భృతిలో కూడా కోత పెట్టింది. రెండు పార్టీలూ ఒకేలా చేశాయన్న కోపంతోనే జనం 1993లో ఓటు వేసి ఎన్నికల పద్ధతినే మార్చుకున్నారు.

అదే 1991లో భవన నిర్మాణ చట్టం మారింది. ఇది నా ఇంటి కథ కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

పాత రూల్సులో మేకు ఎంత, చెక్క ఏది, అంతా రాసి ఉండేది. కొత్త చట్టం, ఇంట్లోకి నీళ్లు రాకూడదు, ఎలా కడతారో మీ ఇష్టం అంది. తనిఖీకి మునిసిపాలిటీయే రానక్కర్లేదు, బిల్డరు డబ్బిచ్చి పెట్టుకున్న ప్రైవేటు సర్టిఫయరు సంతకం చాలు. 1998లో గోడల లోపలి చట్రానికి పురుగు, కుళ్లు పట్టకుండా మందు పట్టించిన కలపే వాడాలన్న నియమం కూడా సడలించారు. చవగ్గా, త్వరగా ఇళ్లు లేచాయి.

నేను 2006లో కొన్నది 1999లో కట్టిన ఇల్లు. తెల్లటి నున్నటి గోడలు, చదును కప్పు, పెట్టెలాగా ఉండేది, ముచ్చటపడ్డాం. మా నాన్న ఫొటో చూసి, "చూరేదిరా?" అన్నాడు. మా పెంకుటింటికి రెండడుగుల చూరు. ఆ మాట నేను పట్టించుకోలేదు. కొన్న నాలుగో ఏట మా చిన్నవాడికి దగ్గు తగ్గేది కాదు. వాడి గదిలో మంచం వెనక గోడ ఎప్పుడూ చల్లగా, చెమ్మగా ఉండేది. చూడ్డానికి వచ్చినాయన కిటికీ కింద చిన్న చదరం కోసి, లోపలి దూలానికి స్క్రూడ్రైవరు ఆనించాడు. గుచ్చలేదు, ఆనించాడంతే. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే తడి కొబ్బరిపీచులాగా నల్లటి పొట్టు కార్పెట్టు మీద రాలింది. మా ఆవిడ వెంటనే వాడి పక్క బట్టలు తీసుకొని అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

కట్టిన కంపెనీ అప్పటికే మూసేశారు. సంతకం పెట్టిన సర్టిఫయరు వ్యాపారం మానేశాడు. ఇల్లు కట్టి పదేళ్లు దాటింది కాబట్టి దావాకి గడువు దాటిపోయింది. మరమ్మతుకి బ్యాంకు నుంచి తీసుకున్న అప్పు నిరుడు తీరింది. 2009లో వేసిన అంచనా ప్రకారం ఇలాంటి ఇళ్లు సుమారు 42,000, బాగుచెయ్యడానికి 1,130 కోట్ల డాలర్లు. 2004లో చట్టం మళ్లీ మార్చి, మందు పట్టించిన కలపనీ తనిఖీనీ వెనక్కి తెచ్చారు. ఈ మధ్యలో కట్టినవన్నీ మాలాంటివాళ్ల నెత్తిన పడ్డాయి. ఉన్ని ధర తగ్గితే రైతుకి మర్నాడే తెలుస్తుంది. గోడలో కుళ్లు పదేళ్లకి గాని తెలియదు, అప్పటికి అమ్మినవాడు ఉండడు. ఇలాంటి కుళ్లుని ముందే పట్టుకునే పని మార్కెట్టు వల్ల కాదు.

గనుల్లోనూ ఇదే జరిగింది. యాజమాన్యాలే భద్రత చూసుకుంటాయని నమ్మి ప్రత్యేక గనుల తనిఖీ విభాగాన్ని కరిగించేశారు. 2010 నవంబరు 19న పైక్ రివర్ బొగ్గు గని పేలినప్పుడు దేశం మొత్తానికి గని ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు. ఇరవై తొమ్మిది మంది చనిపోయారు. సింగరేణి కుటుంబాల్లో పుట్టినవాళ్లకి ఆ సంఖ్య వెనక ఎన్ని ఇళ్లుంటాయో తెలుసు.

అయితే ఈ దేశం చేసిన పనుల్లో నేను చేతులెత్తి మొక్కేది ఒకటుంది. జస్టిస్ ఓవెన్ వుడ్‌హౌస్ 1967లో ఒక నివేదిక ఇచ్చారు. ప్రమాదంలో దెబ్బ తగిలినవాడికి తప్పెవరిదని అడక్కుండా దేశమే చూసుకోవాలి, బదులుగా ఎవరూ ఎవరి మీదా ఆ గాయానికి దావా వెయ్యకూడదు అన్నారు. 1974 ఏప్రిల్ 1 నుంచి అది ఏసీసీ పేరుతో నడుస్తోంది. కొన్నేళ్ల కింద పెరట్లో నిమ్మచెట్టు కొమ్మ కొడుతూ నిచ్చెన మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. క్లినిక్‌లో ఒక్క పేజీ ఫారం. రెండో వారం నుంచి జీతంలో 80 శాతం బ్యాంకులో పడింది. వకీలు లేడు, ఏజెంటు లేడు. చూడ్డానికి వచ్చిన మా అత్తగారు ఇక్కడ జారిపడినా వైద్యం అదే చూసుకుంటుంది. డబ్బు ఉద్యోగి జీతంలోంచి, యజమాని దగ్గర్నుంచి, పెట్రోలు మీద, బండి రిజిస్ట్రేషను మీద వస్తుంది. 1999లో పనిచేసేచోట జరిగే ప్రమాదాల బీమాని ప్రైవేటు కంపెనీలకి తెరిచారు. ఆ ఏడాది చివర్లోనే ప్రభుత్వం మారి, మరుసటి ఏడాది దాన్ని వెనక్కి తీసుకుంది. రైల్వేని కూడా 1993లో అమ్మి, 2008లో దాదాపు రెట్టింపు ధరకి తిరిగి కొన్నారు.

అందుకని బావా, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. గొర్రె ఎంతకి అమ్మాలో చెప్పడానికి గవర్నమెంటు అక్కర్లేదని ఇక్కడివాళ్లు నష్టపడి తెలుసుకున్నారు. సంచి విప్పి చూడ్డానికి, గోడ కట్టేటప్పుడు వచ్చి నిలబడడానికి, గనిలోకి దిగడానికి, పడినవాణ్ణి లేపడానికి అది కావాలని అంతకన్నా ఎక్కువ నష్టపడి తెలుసుకున్నారు.

మన దగ్గర కూడా, తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టంతో చిన్న ఇళ్లకి స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వస్తోంది. ఆఫీసుల చుట్టూ తిరిగి, చెయ్యి తడిపి విసిగిపోయినవాళ్లకి అది నిజంగా మేలు, నేను కాదనను. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లని, ఫ్లాటు కొంటున్నవాళ్లని నేను కోరేది ఒక్కటే. అనుమతి ఎన్ని రోజుల్లో వస్తుందని అడిగినప్పుడే, స్లాబు పోసే రోజున కమ్మీ చూడ్డానికి ఎవరొస్తారో కూడా అడగండి. ఎవరూ రారని చెబితే, వచ్చేదాకా ఊరుకోకండి.