గాలిమర విద్యుత్తు

వీచే గాలిలోని శక్తిని తిరిగే రెక్కలతో పట్టి విద్యుత్తుగా మార్చే యంత్రం గాలిమర. రెక్కను గాలి నెట్టడం వల్ల మర తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. నేటి మరల్లో జరిగేది అది కాదు. విమానం రెక్కలాగే దీని రెక్కకూ ఒక వైపు పీడనం తగ్గుతుంది, రెక్క ఆ వైపుకు లాగబడి ఇరుసును తిప్పుతుంది. పెద్ద మరల్లో ఇరుసు నిమిషానికి పది ఇరవై చుట్లకు మించి తిరగదు. చాలా మరల్లో గేర్‌బాక్స్ ఆ వేగాన్ని పెంచి జనరేటర్‌కు అందిస్తుంది. అక్కడ అయస్కాంత క్షేత్రం తీగచుట్టల మీదుగా తిరిగి విద్యుత్తు పుడుతుంది.

గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుకే గాలిని పట్టడం కన్నా పెనుగాలికి తట్టుకోవడమే కష్టమైంది. ఈ యంత్రం చరిత్రలో ఎక్కువ భాగం ఆ కష్టం కథే.

ధాన్యం విసిరే గాలిమరలు తూర్పు ఇరాన్‌లోని సీస్తాన్‌లో వెయ్యేళ్ల కిందటే ఉన్నాయి. విద్యుత్తు ముచ్చట 19వ శతాబ్దం చివరిది. 1887లో స్కాట్లాండ్‌లోని మేరీకిర్క్‌లో జేమ్స్ బ్లైత్ గుడ్డ తెరచాపల మరతో బ్యాటరీలు ఛార్జ్ చేసి తన విడిది ఇంట్లో దీపాలు వెలిగించాడు. మిగిలిన విద్యుత్తు ఊరికి ఇస్తానంటే, అది సైతాను పనని జనం వద్దన్నారట. మరుసటి ఏడాది అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఛార్లెస్ బ్రష్ 144 చెక్క రెక్కలతో, 17 మీటర్ల వ్యాసంతో పెద్ద చక్రం నిలిపాడు. అంత చక్రం ఇచ్చింది 12 కిలోవాట్లే.

అన్ని రెక్కలు అనవసరమని తేల్చినవాడు డెన్మార్క్ బడిపంతులు పౌల్ లా కూర్. ఆస్కోవ్‌లో 1891 నుంచి ప్రయోగాలు చేసి, వేగంగా తిరిగే కొద్ది రెక్కలే మేలని చూపాడు. ఎంత మంచి మరైనా గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి తీయలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ ఆ తర్వాత లెక్కగట్టాడు. గాలినంతా ఆపేస్తే వెనకాల వచ్చే గాలికి దారి ఉండదు మరి.

1941లో అమెరికాలోని వెర్మాంట్ కొండపై 1.25 మెగావాట్ల మర నిలిచింది. 1945లో దాని రెక్క ఒకటి విరిగి ఎగిరిపోయింది, మర మళ్లీ తిరగలేదు. లా కూర్ శిష్యుడు యోహానెస్ యూల్ అంత దూరం పోలేదు. 1957లో గెడ్సర్‌లో అతను కట్టిన మూడు రెక్కల మర 200 కిలోవాట్లదే. గాలి హెచ్చితే రెక్క ఆకారమే పట్టు సడలించేది, మరీ వేగం మించితే రెక్కల కొసలు మళ్లి బ్రేకులయ్యేవి. పెద్ద మరమ్మతులు లేకుండా అది పదేళ్లు నడిచింది. 1973 చమురు సంక్షోభం తర్వాత డెన్మార్క్ చిన్న కార్ఖానాలు ఆ నమూనానే పట్టుకున్నాయి. జర్మనీ కట్టిన 3 మెగావాట్ల రెండు రెక్కల గ్రోవియాన్ మాత్రం ఎక్కువ కాలం ఆగే ఉండి, 1987లో మూతపడింది.

నేటి మరలు ఒక్కో రెక్కను దాని నిలువు అక్షం చుట్టూ తిప్పి ఎక్కువైన గాలిని వదిలేస్తాయి. సెకనుకు 3, 4 మీటర్ల గాలికి మొదలై, దాదాపు 25 మీటర్లు దాటితే వాటంతటవే ఆగుతాయి.

భారతదేశంలో తొలి పవన క్షేత్రాలు 1986లో తూత్తుకుడి, ఓఖా, రత్నగిరి తీరాల్లో 55 కిలోవాట్ల మరలతో వచ్చాయి. ఆంధ్రలో అనంతపురం ప్రాంతపు రామగిరి కొండలు ఇందుకు పేరుపడ్డాయి. సముద్రంలో తొలి క్షేత్రం 1991లో డెన్మార్క్‌లోని విండెబీ. అక్కడి 11 మరలూ కలిసి ఇచ్చింది 5 మెగావాట్లకు కాస్త తక్కువే. ఇప్పుడు సముద్రంలో నిలిపే ఒక్క మరే అంతకు రెట్టింపు పైన ఇస్తోంది.