ఇరవై నిమిషాల కొర్ర ఉప్మా

రోహిణీ కార్తెలో బెజవాడ వంటింట్లో నిలబడటమంటే ఏమిటో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. అందుకే మొన్న మా అమ్మాయి కొర్రల పాకెట్ తెచ్చి, "ఉప్మా చేసెయ్యమ్మా, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది" అంటే సంతోషంగా కొంగు దోపాను.

నిజంగానే అయింది. గ్లాసుడు కొర్రలు కడిగి ముందే నానేశాను. ఆవాలు, శనగపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు పోపులో వేసి, సొరకాయ, బీరకాయ ముక్కలు మగ్గించాను. ఈ కూరలకి నీరెక్కువ కనక రెండు గ్లాసుల ఎసరులో కాస్త తగ్గించాను. దింపేముందు పచ్చిమామిడి తురుము చల్లాను. అంతే!

మా అత్తగారు మాత్రం పళ్లెం ముందు కూర్చుని, "ఇరవై నిమిషాలా? మా నాయనమ్మకి పూటంతా పట్టేది" అన్నారు.

ఆవిడ పుట్టిల్లు నందిగామ వైపు మెట్ట పల్లె. కొర్ర గింజని పొట్టు అంత తేలిగ్గా వదలదు. రోట్లో పోసి దంచాలి, చేటతో చెరగాలి, మళ్లీ దంచాలి. పొయ్యి వెలిగించేసరికే భుజాలు పడిపోయేవట.

ఒకప్పుడు కృష్ణ ఒడ్డున కూడా జొన్నలూ కొర్రలూ సామాన్యుల తిండే. పక్కనే నది పారుతున్నా వాన రాకపోతే చేను ఎండేది. 1832-33లో వచ్చిన నందన కరువుకి గుంటూరు ప్రాంతంలో లక్షమందికి పైగా చనిపోయారు. దాన్నే డొక్కల కరువన్నారు. ఆ తరవాత కాటన్ దొర పట్టుదల, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణతో 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట లేచింది. కాలవల్లో నీళ్లొచ్చాయి, చేలు మాగాణి అయ్యాయి, విస్తట్లో వరి అన్నం పడింది. కొర్రలు మెట్టకి జరిగాయి. 1952లో ఆ ఆనకట్ట తెగితే, 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది.

అన్నం మారింది గానీ రోకలి మారలేదండోయ్! వడ్లూ దంచవలసిందేగా! మిల్లులు వచ్చాకే ఆడవాళ్ల భుజాలకి తెరిపి. చరిత్ర పుస్తకాలు ఆనకట్టకి పేజీలిచ్చాయి, రోటికి ఒక్క వాక్యం ఇవ్వలేదు.

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. పేదల గింజ ఇప్పుడు బియ్యం కంటే ఖరీదు. మన ఇరవై నిమిషాల వెనక పొట్టు తీసే యంత్రం ఉంది. అది లేకపోతే మా అమ్మాయి పాకెట్టే తెచ్చేది కాదు.

"మీ నాయనమ్మగారికి ఇది ఇష్టమేనా అత్తయ్యా?" అనడిగాను.

ఆవిడ కాసేపు ఆలోచించారు. "ఏమోనమ్మా, ఆవిడ తింటూండగా నేను చూళ్లేదు. అందరికీ పెట్టాక గిన్నెలో మాడు మిగిలేది."

మాట్లాడకుండా నేనూ పళ్లెం తెచ్చుకుని, ఆవిడ పక్కనే కూర్చుని వేడివేడిగా వడ్డించుకున్నాను.