సైబర్‌ట్రాకర్

సైబర్‌ట్రాకర్ క్షేత్ర పరిశోధనలో వివరాలను సేకరించుటకు ఉపయోగపడే ఒక సాఫ్టువేరు. ఇది చేతిలో ఇమిడే కంప్యూటరులో పనిచేస్తుంది. వన్యప్రాణుల అడుగుజాడలు, మేత, కదలికలు మొదలైన పరిశీలనలను బొమ్మల సాయంతో నమోదు చేసి, జి.పి.ఎస్. ద్వారా తెలిసిన స్థానాన్ని వాటికి జతచేయటం దీని ప్రధాన లక్షణం. చదవటం, వ్రాయటం రానివారు కూడా ఉపయోగించగలిగేటట్లు దీనిని 1990వ దశకంలో దక్షిణ ఆఫ్రికాలో రూపొందించారు.

నేపథ్యం

కలహారి ఎడారిలోని శాన్ వేటగాళ్ళు ఇసుకపై పడిన జాడలను బట్టి అవి ఏ జంతువువో, అది ఎటు వెళ్ళినదో, ఎంతసేపటి క్రితం వెళ్ళినదో చెప్పగలరు. దక్షిణ ఆఫ్రికాకు చెందిన లూయీ లీబెన్‌బర్గ్ 1980వ దశకం నుండి వీరి విద్యను అధ్యయనం చేశాడు. జాడను చూసి ఒక ఊహ చేసి, తరువాత దొరికే ఆనవాళ్ళతో దానిని సరిచూసుకొనే ఈ పద్ధతిలోనే విజ్ఞానశాస్త్రపు మూలాలు ఉన్నాయని 1990లో వెలువడిన "ది ఆర్ట్ ఆఫ్ ట్రాకింగ్" అనే గ్రంథంలో ప్రతిపాదించాడు. అయితే జాడ తీయటంలో ఆరితేరినవారిలో పలువురికి అక్షరజ్ఞానం లేదు. అందువలన వారు చూసిన విషయాలు శాస్త్రీయ గ్రంథాలకు ఎక్కేవి కావు. వేట తగ్గేకొద్దీ ఆ విద్య కూడా క్షీణించసాగింది.

పనిచేసే విధానం

తెరపై జంతువుల, మొక్కల బొమ్మలు, మేయటం, నీరు త్రాగటం, నిద్రించటం వంటి పనులను తెలిపే బొమ్మలు ఉంటాయి. పరిశీలకుడు వీటిని వరుసగా తాకుతూ తాను చూసినదానిని నమోదు చేస్తాడు. చివరిలో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సమయం దానికి చేరతాయి. శిబిరానికి తిరిగి వచ్చిన తరువాత ఈ వివరాలను పెద్ద కంప్యూటరులోకి ఎక్కించి పటంపై చూడవచ్చు. కాగితంపై వ్రాసినదానిని మళ్ళీ టైపు చేయనవసరం లేదు కనుక, ఆ దశలో దొర్లే తప్పులు ఉండవు.

మొదట ఇది ఆపిల్ న్యూటన్ పరికరంపై పనిచేసింది. 1998లో న్యూటన్ తయారీ ఆగిపోయింది. ఆ తరువాత పామ్ పరికరాలపై, అనంతరం ఆండ్రాయిడ్ ఫోనులపై వాడుకలోకి వచ్చింది. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం పౌరుల జి.పి.ఎస్. సంకేతాలలో కావాలని కల్పించిన దోషాన్ని తొలగించింది. దీనితో సుమారు 100 మీటర్ల వరకు ఉండే స్థాన దోషం బాగా తగ్గి, ఇటువంటి పరికరాల ఉపయోగం పెరిగింది.

కారూ ప్రయోగం

దక్షిణ ఆఫ్రికాలోని కారూ జాతీయ వనంలో కారెల్ బెనాడీ, జేమ్స్ మిన్యే అనే ఇద్దరు జాడ తీసేవారు ఈ పరికరంతో నల్ల ఖడ్గమృగాలను పరిశీలించారు. వీరిద్దరికీ చదువు రాదు. ఈ పనిపై 1999లో పాకిడెర్మ్ పత్రికలో వెలువడిన పరిశోధనా వ్యాసానికి లీబెన్‌బర్గ్‌తో పాటు వీరు కూడా సహరచయితలు. అంతవరకు శాస్త్రవేత్తలకు దారి చూపే సహాయకులుగా మాత్రమే ఉన్నవారికి ఇది పరిశోధకులుగా లభించిన గుర్తింపు. లీబెన్‌బర్గ్‌కు 1998లో రోలెక్స్ పురస్కారం లభించింది.

పరిమితులు

దట్టమైన చెట్ల క్రింద జి.పి.ఎస్. సంకేతం బలహీనపడుతుంది. ఎండలో తెర సరిగా కనిపించదు. ముందుగా బొమ్మ ఏర్పాటు చేయని విషయాన్ని నమోదు చేయటం కష్టం. పటంపై చుక్క లేనంత మాత్రాన అక్కడ జంతువు లేదని చెప్పలేము. పరిశీలకుడు అటు వెళ్ళకపోయి ఉండవచ్చు. అన్నిటికంటె ముఖ్యంగా, ఖడ్గమృగాల స్థానాలు దొంగవేటగాళ్ళ చేతికి చిక్కితే, వాటిని కాపాడవలసిన పటమే వాటికి ముప్పు అవుతుంది.

భారతదేశంలో

భారతదేశంలో ఇదే కోవకు చెందిన ఎం-స్ట్రైప్స్ అనే విధానం 2010లో పులుల అభయారణ్యాల కొరకు ప్రారంభమైంది. 2018 నాటి పులుల గణనలో దీని మొబైల్ రూపాన్ని ఉపయోగించారు. నల్లమల అడవులలోని నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో చెంచులు అటవీశాఖ వారితో కలిసి కాపలా, జాడ తీయటం వంటి పనులు చేస్తున్నారు.