కణితి తగ్గిందా? కొలతల చరిత్ర

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైపు వెళ్లే దారిలో డయాగ్నస్టిక్ సెంటర్ల బోర్డులు మీరు చూసే ఉంటారు. అశోక్‌నగర్‌లోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి వచ్చి చదువుకునే మీలో కొందరైనా ఇంట్లోవారి స్కాన్ కవరు పట్టుకుని అలాంటిచోట నిలబడి ఉంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మందు వాడుతున్న రోగి విషయంలో ఆ కవరులోని రిపోర్టు ముఖ్యంగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: మందు పనిచేస్తున్నదా? ఆ జవాబు చెప్పే పద్ధతికి కూడా చరిత్ర ఉంది.

మొదట స్కాన్ లేని కాలాన్ని చూద్దాం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపారు. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి మెరుగు కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ మెరుగు తాత్కాలికమే. అయినా మెరుగైందని తెలిసింది రక్తం, ఎముక మజ్జ పరీక్షల వల్ల. అది రక్తానికి వచ్చిన జబ్బు, కణాలను లెక్కపెట్టవచ్చు. ఊపిరితిత్తిలోని గడ్డను అలా లెక్కపెట్టలేం. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో మరణించారు.

గడ్డలను చాలాకాలం చేతితో తడిమి కొలిచారు. 1976లో మోర్టెల్, హాన్లీ అనే పరిశోధకులు 12 గోళాలను నురగ రబ్బరు కింద దాచి, 16 మంది క్యాన్సర్ నిపుణులను కొలవమన్నారు. ఒకే సైజు గోళాలు కూడా కొందరికి 'తగ్గినట్లు' తోచాయి! అంటే చిన్న తగ్గుదలను నమ్మడానికి లేదు. 1979లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాణాల్లో సగం తగ్గాలన్న నియమం వెనుక ఈ జాగ్రత్త ఉంది. హౌన్స్‌ఫీల్డ్ సి.టి. యంత్రంతో 1971లోనే మొదటి రోగిని స్కాన్ చేశారు కనుక, ఇక లోపలి గడ్డను చూసి కొలిచే వీలు ఏర్పడింది.

2000లో 'రెసిస్ట్' ప్రమాణాలు వచ్చాయి. గడ్డ పొడవైన వ్యాసాన్ని మాత్రమే కొలిచి, అలాంటి కొలతలను కూడతారు. మొత్తం 30 శాతం తగ్గితే పాక్షిక స్పందన, అతి తక్కువగా ఉన్న మొత్తం కంటే 20 శాతం పెరిగితే వ్యాధి ముదిరినట్లు. ఒక లెక్క మీరే వేసి చూడండి. గుండ్రని గడ్డ 50 మి.మీ. నుంచి 35 మి.మీ.కు తగ్గితే ఘనపరిమాణంలో దాదాపు మూడింట రెండు వంతులు పోయినట్లే. 30 శాతం అనే మాట చిన్నదిగా వినిపిస్తుంది, అంతే.

2004లో ఇ.జి.ఎఫ్.ఆర్. జన్యువులో మార్పు ఉన్న రోగులకు జెఫిటినిబ్ మాత్ర బాగా పనిచేస్తుందని తేలింది. దీంతో చిక్కు మొదలైంది. లక్ష్యిత చికిత్సలో గడ్డ సైజు తగ్గకుండానే లోపల డొల్లబడవచ్చు. పెట్ స్కాన్‌లో గ్లూకోజు వాడకం ముందే పడిపోవచ్చు. మరో సందర్భం ఊహించండి: కొలతల మొత్తం 40 మి.మీ. నుంచి 48 మి.మీ.కు పెరిగింది. నియమం ప్రకారం ముదిరినట్లే. కానీ రోగికి ఆయాసం లేదు, మెట్లెక్కుతున్నాడు. మాత్ర ఆపాలా? ఆపాక గడ్డ వేగంగా పెరిగిన రోగులు ఉన్నారు. అందుకే కొందరు వైద్యులు పెరిగిన ఒక్కచోట రేడియేషన్ ఇచ్చి మాత్ర కొనసాగిస్తారు. ఈ ప్రమాణాలు ప్రధానంగా పరిశోధనల కోసం తయారైనవని గుర్తుంచుకోండి.

మన దేశంలో మరో ఇబ్బంది కూడా ఉంది. ఎక్స్‌రేలో మచ్చను క్షయగా భావించి నెలల తరబడి ఆ మందులే వాడిన రోగులు ఎందరో. వారి విషయంలో కొలత మొదలయ్యేదే ఆలస్యంగా.

ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు 350 మంది రోగులపై చేసిన పరిశోధన 2020లో అచ్చయింది. జెఫిటినిబ్ ఒక్కటే తీసుకున్నవారిలో వ్యాధి ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం 8 నెలలు. దానికి పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ కలిపినవారిలో 16 నెలలు, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువే. పెమెట్రెక్సెడ్ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందు, అమినోప్టెరిన్ వంశానిదే. 1948లో మజ్జ పరీక్షతో తేలిన స్పందన ఇక్కడ స్కాన్ మీద మిల్లీమీటర్లలో తేలింది.