సూట్ బూట్ సర్కార్
రైతు సంక్షోభంపై 2015 ఏప్రిల్‌లో లోక్‌సభలో మాట్లాడుతూ నరేంద్ర మోదీ ప్రభుత్వాన్ని రాహుల్ గాంధీ ఎద్దేవా చేసిన మాట ఇది. ఆ జనవరిలో ఒబామాతో భేటీకి మోదీ తన పేరే చారలుగా ఉన్న సూటు వేసుకున్నారు. సూరత్ వేలంలో అది రూ.4.31 కోట్లు పలికింది. సొమ్ము గంగా ప్రక్షాళనకు వెళ్లింది. 2022లో బాణం వెనక్కి తిరిగింది: భారత్ జోడో యాత్రలో రాహుల్ తొడుక్కున్న టీషర్టు ధర రూ.41,257 అని బీజేపీ ప్రచారం చేసింది.

ఇంత రగడ జరిగినా, అభ్యర్థి అఫిడవిట్‌లో ఉండేవి ఆస్తులు, అప్పులు, ఆదాయ వివరాలే; సొంత ఖర్చులు కావు. బట్టలు, చెప్పుల వంటి ప్రతి చరాస్తినీ చూపనక్కర్లేదని, విలాస జీవితాన్ని చాటేంత ఖరీదైనవైతే చూపాల్సిందేనని 2024 ఏప్రిల్‌లో అరుణాచల్‌లోని తేజు నియోజకవర్గం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఖరీదైన చేతిగడియారాలను ఉదాహరణగా చూపింది. ఎంత దాటితే విలాసమో మాత్రం గీత గీయలేదు; ఏ కేసుకా కేసే చూడాలంది.