చిన్న ఎస్‌ఎంపీఎస్: గోల్డ్ ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

కంప్యూటర్ విడిభాగాల కంపెనీ కోర్సెయిర్ 2020లో తన ఎస్‌ఎఫ్ శ్రేణి చిన్న సైజు పవర్ సప్లైలలో కొన్నింటిని వెనక్కి తీసుకుని, బదులుగా కొత్తవి ఇస్తామని ప్రకటించింది. అవి 2019 అక్టోబరు నుంచి 2020 మార్చి మధ్య తయారైనవి. ఎక్కువ వేడి, ఎక్కువ తేమ రెండూ కలిసిన చోట ఇవి మామూలు కంటే ఎక్కువగా పాడయ్యే అవకాశం ఉందని కంపెనీ తెలిపింది. లోపం ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందు, ఏసీ కరెంటు వైపు ఉండటంతో కంప్యూటర్‌లోని మిగతా భాగాలకు ప్రమాదం లేదని వివరించింది.

వేడి, తేమ కలిసిన వాతావరణం విశాఖపట్నం, చెన్నై, ముంబయి, కోల్‌కతా, ఢాకా, కొలంబో వాసులకు కొత్తేమీ కాదు. కోర్సెయిర్ ఎస్‌ఎఫ్ శ్రేణికి 80 ప్లస్ గోల్డ్, ప్లాటినం ముద్రలున్నాయి. ఆ ముద్రలు అబద్ధం చెప్పలేదు. కానీ అవి కొలిచే విషయం వేరు, పవర్ సప్లై రోజూ పనిచేసే గది పరిస్థితి వేరు. మన మార్కెట్‌లో ఎస్‌ఎంపీఎస్‌గా పిలిచే ఈ పరికరం చిన్న సైజులో ఉన్నప్పుడు ఈ తేడా మరింత ముఖ్యం.

చిన్నది అంటే ఎంత?

మామూలు డెస్క్‌టాప్‌లో వాడే ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ సాధారణంగా 150 మి.మీ. వెడల్పు, 86 మి.మీ. ఎత్తు, 140 మి.మీ. పొడవు ఉంటుంది. చిన్న క్యాబినెట్లకు వాడే ఎస్‌ఎఫ్‌ఎక్స్ కొలతలు 125, 63.5, 100 మి.మీ. అంటే ఘనపరిమాణంలో సగం కూడా లేదు. కాస్త పొడవైన ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్ రకం పొడవు 130 మి.మీ.

ఇంత చిన్న డబ్బాలోనూ 600, 750 వాట్లు ఇచ్చే మోడళ్లు ఉన్నాయి. భాగాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, గాలి తిరిగే చోటు తక్కువ. ఫ్యాన్ కూడా చిన్నదే కాబట్టి అంతే గాలి తోయాలంటే వేగంగా తిరగాలి, చప్పుడు పెరుగుతుంది.

80 ప్లస్ ముద్ర అర్థం

గోడ ప్లగ్ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం కంప్యూటర్‌కు చేరుతోందన్నదే ఎఫిషియెన్సీ. మిగిలింది వేడిగా మారుతుంది. 2004లో మొదలైన 80 ప్లస్ కార్యక్రమం దీన్నే కొలుస్తుంది. 115 వోల్టుల పరీక్షలో 20, 50, 100 శాతం లోడ్ల దగ్గర బ్రాంజ్‌కు 82, 85, 82 శాతం, గోల్డ్‌కు 87, 90, 87 శాతం, ప్లాటినంకు 90, 92, 89 శాతం రావాలి.

దీన్ని వేడి లెక్కలోకి మార్చి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పూర్తి లోడ్‌లో 82 శాతం దగ్గర పనిచేస్తే గోడ నుంచి దాదాపు 732 వాట్లు తీసుకుంటుంది, 132 వాట్లు వేడిగా పోతాయి. 87 శాతం అయితే వేడి 90 వాట్లు, 89 శాతం అయితే 74 వాట్లు. చిన్న డబ్బాలో ఎఫిషియెన్సీ అంటే కరెంటు బిల్లు ఒక్కటే కాదు, లోపలి భాగాల ఆయుష్షు కూడా.

అయితే ఈ పరీక్ష 23 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో జరుగుతుంది. వోల్టేజీ ఎంత నిలకడగా ఉంది, కరెంటు పోతే ఏమవుతుంది, ఎంత చప్పుడు చేస్తుంది అన్న ప్రశ్నలకు ఈ ముద్ర జవాబివ్వదు. బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు కూడా భద్రతకు సంబంధించినదే తప్ప పనితీరుకు కొలమానం కాదు.

సైప్రస్‌కు చెందిన సైబెనెటిక్స్ సంస్థ ఎఫిషియెన్సీకి ఈటా, చప్పుడుకు లామ్డా పేరుతో వేర్వేరు రేటింగులు ఇస్తుంది. 115, 230 వోల్టుల ఫలితాలు విడివిడిగా ఉంటాయి కాబట్టి 230 వోల్టులు వాడే మన దేశంలో కొనేవారికి రెండోది దగ్గరి లెక్క.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

సరైన పరీక్షకు నిజమైన కంప్యూటర్‌ను తగిలించరు. ఎలక్ట్రానిక్ లోడ్ అనే యంత్రం కోరినన్ని ఆంపియర్లు లాగుతుంది. ఇన్‌పుట్ వోల్టేజీని మార్చగల ఏసీ సోర్స్, పవర్ ఎనలైజర్, ఆసిలోస్కోప్, వేడి పెంచగల పెట్టె కూడా ఉంటాయి. ముఖ్యంగా చూసేవి ఇవి:

వోల్టేజీ నిలకడ: 12 వోల్టుల లైను మామూలుగా 5 శాతం అటూఇటూ, అంటే 11.40 నుంచి 12.60 మధ్య ఉండాలి. మంచి మోడళ్లలో మార్పు ఒక శాతం లోపే ఉంటుంది. ఒక లైను మీద పూర్తి భారం వేసి, మిగతావి దాదాపు ఖాళీగా వదిలి కూడా చూస్తారు.

రిపుల్: డీసీ వోల్టేజీపై మిగిలిపోయే చిన్న అలలు ఇవి. ఇంటెల్ డిజైన్ గైడ్ ప్రకారం 12 వోల్టుల లైనులో 120 మిల్లీవోల్టులు, 5, 3.3 వోల్టుల లైన్లలో 50 మిల్లీవోల్టులు దాటకూడదు. ఇవి మల్టీమీటర్‌లో సరిగా కనిపించవు, ఆసిలోస్కోప్ కావాలి.

ఆకస్మిక లోడ్: గ్రాఫిక్స్ కార్డులు సెకనులో అతి చిన్న భాగంపాటు మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, కొత్త గ్రాఫిక్స్ కనెక్టర్ ఉన్న పెద్ద సామర్థ్యపు ఎస్‌ఎంపీఎస్‌లు 100 మైక్రోసెకన్లపాటు రెట్టింపు లోడ్‌ను తట్టుకోవాలని చెబుతుంది.

రక్షణలు: షార్ట్ సర్క్యూట్, అధిక లోడ్, అధిక వేడి వచ్చినప్పుడు తనంతట తాను ఆగిపోతుందో లేదో చూస్తారు. ఆగడమే కాదు, ఎంత లోడ్ దగ్గర ఆగుతోందన్నదీ ముఖ్యం. గిగాబైట్ 2021లో తన రెండు మోడళ్లపై విమర్శలు వచ్చాక ఈ హద్దును 120-150 శాతం నుంచి 110-120 శాతానికి తగ్గించింది. అవి చిన్న సైజువి కాకపోయినా పాఠం అన్నిటికీ ఒకటే.

కరెంటు పోయిన ఆ క్షణం

దక్షిణాసియాలో ఎక్కువ మంది చూడాల్సిన సంఖ్య హోల్డ్-అప్ టైమ్. ఇన్‌పుట్ ఆగిపోయాక లోపలి పెద్ద కెపాసిటర్‌లో నిల్వ ఉన్న శక్తితో ఎన్ని మిల్లీసెకన్లు నెట్టుకురాగలదన్న కొలత ఇది. పాత ప్రమాణం పూర్తి లోడ్‌లో 17 మిల్లీసెకన్లు అడిగేది. తర్వాత దాన్ని పూర్తి లోడ్‌లో 12, 80 శాతం లోడ్‌లో 17 మిల్లీసెకన్లకు సడలించారు. పెద్ద కెపాసిటర్‌కు చోటు కావాలి. చిన్న డబ్బాలో లేనిది అదే.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఈ లెక్క నేరుగా తగులుతుంది. చాలా ఇన్వర్టర్లలో యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటుంది. నార్మల్ మోడ్‌లో బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయం హోల్డ్-అప్ కంటే ఎక్కువైతే ఫ్యాన్, లైటు ఆగినట్టు కనిపించకపోయినా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు వేరే ఇబ్బందులూ ఉంటాయి. ల్యాబ్‌లలో ఎక్కువగా శుభ్రమైన సైన్ వేవ్ కరెంటే వాడతారు కాబట్టి ఆ ఇబ్బందులు నివేదికల్లో అరుదుగా కనిపిస్తాయి.

వేడి దగ్గరే అసలు పరీక్ష

వేసవిలో గది 38 డిగ్రీలుంటే క్యాబినెట్ లోపల మరింత వేడి. 600 వాట్లు అని రాసి ఉంటే ఎన్ని డిగ్రీల దగ్గర అన్నది చూడాలి. నాణ్యమైన మోడళ్లకు 40 లేదా 50 డిగ్రీలని స్పష్టంగా రాస్తారు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల విషయంలో ఇంజినీర్లు వాడే స్థూల లెక్క ఒకటుంది: ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు ఆయుష్షు దాదాపు సగమవుతుంది. జపాన్ కెపాసిటర్లు, 105 డిగ్రీలు అని పెట్టె మీద రాయడం వెనుక కారణం ఇదే. తక్కువ లోడ్‌లో ఫ్యాన్ తిరగని మోడళ్లలో ఆ నిశ్శబ్దానికి బదులుగా లోపలి వేడి పెరుగుతుంది.

కొనేవారు, వాడేవారు చేయగలిగింది

రిపేరు షాపుల్లో ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపి ఫ్యాన్ తిరుగుతోందా అని చూస్తారు. దానివల్ల ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతోందని మాత్రమే తెలుస్తుంది, లోడ్ తట్టుకుంటుందని కాదు. డబ్బాను ఇంట్లో విప్పడం ప్రమాదకరం. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా మిగిలి ఉండవచ్చు.

కాబట్టి నివేదిక చదవడమే మేలు. పరీక్ష 230 వోల్టుల దగ్గర జరిగిందా, ఎన్ని డిగ్రీల వేడిలో జరిగింది, పూర్తి లోడ్‌లో హోల్డ్-అప్ ఎంత, రక్షణలు ఎక్కడ పనిచేశాయి అన్న నాలుగు ప్రశ్నలకు అందులో జవాబు ఉండాలి. వారంటీ ఎన్నేళ్లో, దాన్ని మన దేశంలోనే ఇస్తారో లేదో అడగాలి. కంప్యూటర్‌కు 350 వాట్లు చాలనుకుంటే 550 లేదా 600 వాట్లది తీసుకోవడం వృథా కాదు. సగం లోడ్ ప్రాంతంలో ఎఫిషియెన్సీ ఎక్కువ, వేడి తక్కువ, ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది.