తూటా పెట్టె మీది పంక్తికి వ్యాఖ్య

మూలం: 308 విన్‌చెస్టర్, 150 గ్రెయిన్, సాఫ్ట్ పాయింట్. సెంటర్‌ఫైర్ రైఫిల్ తూటాలు. వేగం 2820. సంఖ్య 20.

అవతారిక: టెక్సస్‌లో రైఫిల్‌తో జింకల వేట నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అంతకు నెల ముందునుంచే వేట సామాను అమ్మే కొట్లలో ఇలాంటి పంక్తులు అచ్చేసిన పెట్టెలు గోడ పొడుగునా పేర్చి ఉంటాయి. డాలస్, ఆస్టిన్‌లలో స్థిరపడ్డ మనవాళ్లు కొందరు ఆఫీసు స్నేహితులతో కలిసి హిల్ కంట్రీ అనే కొండప్రాంతానికి వేటకు వెళ్తున్నారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తెర దించింది కాబట్టి, తూటాల సంగతులు ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నవాళ్లు తక్కువ. టెక్సస్‌లో మాత్రం వైట్‌టెయిల్ జింక వేట లైసెన్సుతో, ట్యాగుల లెక్కతో చట్టం ఒప్పుకున్న పని. చట్టం ఒప్పుకుంది కదా అని, తూటా దిగిన జింక పొదల్లోకి పోయి రాత్రంతా కొట్టుకుని చచ్చే పరిస్థితి తేకూడదు. దాన్ని క్షణాల్లో పడగొట్టే తూటా ఏదో తెలుసుకోవడం వేటగాడు ఆ జంతువుకు పడ్డ బాకీ. అందుకే ఈ పంక్తిని మాట మాటగా విప్పి చదవాలి. ఇక్కడ తూటా అంటే మొత్తం సరుకు: ఇత్తడి గొట్టం, లోపల మందు, అడుగున దానికి నిప్పంటించే ప్రైమరు, మూతిలో బిగించిన బుల్లెట్. ఇన్నింటిలో జింకను తాకేది బుల్లెట్ ఒక్కటే.

308: బుల్లెట్ వ్యాసం. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 308, అంటే ఇంచుమించు 7.8 మిల్లీమీటర్లు. అన్ని పేర్లూ ఇంత సూటిగా ఉండవు. 270 విన్‌చెస్టర్ బుల్లెట్ వ్యాసం నిజానికి 277. 30-06లో 06 అనేది అమెరికా సైన్యం దాన్ని స్వీకరించిన 1906వ సంవత్సరం. 30-30లో రెండో 30 మొదట్లో అందులో పోసిన మందు బరువు. కాబట్టి అంకెలు చూసి పెద్దదేది, చిన్నదేది అని బేరీజు వేయడం కుదరదు. చూడవలసింది రైఫిల్ గొట్టం మీద చెక్కిన అక్షరాలు. పెట్టె మీది పేరు, గొట్టం మీది పేరు పూర్తిగా ఒకటై ఉండాలి. 300 బ్లాకౌట్ తూటా 223 రైఫిల్‌లో దూరుతుంది. ట్రిగ్గర్ నొక్కితే రైఫిల్ పగిలి పేల్చినవాడి మొహానికే ముప్పు. ఒకేచోట రెండు రకాల పెట్టెలు విప్పి పెట్టుకోవడం మానేస్తే ఈ ప్రమాదం దాదాపు ఉండదు. ఇక జింకకు ఏది చాలు అంటే, 243 మొదలు 308 వరకు పేరున్న ఏ సెంటర్‌ఫైర్ తూటా అయినా, సరైన బుల్లెట్ ఉంటే, చాలు. వేటగాళ్లు గంటలకొద్దీ వాదించుకునేది ఈ అంకె గురించే. నా దృష్టిలో పంక్తి మొత్తంలో అంత వాదన అక్కర్లేని మాట ఇదే.

విన్‌చెస్టర్: ఇది తూటా పేరులో భాగం, తయారీదారు పేరు కానక్కర్లేదు. విన్‌చెస్టర్ కంపెనీ దీన్ని 1952లో మార్కెట్లోకి తెచ్చింది. రెమింగ్టన్, ఫెడరల్, హోర్నడీ కూడా ఇదే పేరుతో చేసి అమ్ముతాయి.

150 గ్రెయిన్: బుల్లెట్ బరువు. పౌనుకు 7000 గ్రెయిన్లు. 150 అంటే పది గ్రాములకు కాస్త తక్కువ. 308లో 125 నుంచి 180 దాకా విరివిగా దొరుకుతాయి. మరీ తేలికైన బుల్లెట్ వేగంగా పోతుంది గానీ, మామూలు కట్టుబడిదైతే భుజం ఎముక తగిలినప్పుడు పైపైనే చిట్లిపోవచ్చు. గట్టి కట్టుబడి ఉన్న 180 గ్రెయిన్ల బుల్లెట్, హిల్ కంట్రీలో కనిపించే చిన్న ఆడజింక పక్కటెముకల్లోంచి, సరిగ్గా విచ్చుకోకుండానే అవతలికి దూసుకుపోవచ్చు. అక్కడి జింకలు మిషిగన్, విస్కాన్సిన్ జింకలకన్నా చిన్నవి. 150, 165 రెండూ మంచివే. ఈ రెండింటిలో మీ రైఫిల్ దేన్ని వంద గజాల్లో దగ్గర దగ్గరగా గుచ్చుతుందో దాన్నే ఉంచుకోండి.

సాఫ్ట్ పాయింట్: పంక్తికి ప్రాణం ఈ మాట. లోపల సీసం, పైన రాగి తొడుగు. మొన దగ్గర మాత్రం తొడుగు లేకుండా సీసం బయటికి కనిపిస్తుంది. జింక శరీరాన్ని తాకగానే ఆ మెత్తని మొన నలిగి, తొడుగు చీలి, బుల్లెట్ పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. వ్యాసం దాదాపు రెట్టింపవుతుంది. ఊపిరితిత్తుల్లో వెడల్పాటి గాయం పడి, రక్తపు ఒత్తిడి పడిపోయి, జింక క్షణాల్లో స్పృహ కోల్పోతుంది. చర్మం కింద ఆగిన బుల్లెట్‌ను మాంసం కోసేటప్పుడు తీసి చూస్తే, రాగి రేకులు వెనక్కి మెలికలు తిరిగి, నడుమ బూడిదరంగు సీసం కనిపిస్తుంది. రేకులు బుల్లెట్‌ను వదలకుండా ఉంటే అది మంచి కట్టుబడి.

దీనికి ఎదురు రకం ఫుల్ మెటల్ జాకెట్. మొనతో సహా రాగి కప్పిన సైనిక బుల్లెట్ ఇది. చవక, కాబట్టి కొత్తవాళ్ల చెయ్యి దాని మీదికే పోతుంది. అది విచ్చుకునేలా చేసింది కాదు. సన్నటి రంధ్రం చేసి వెళ్లిపోతుంది, నేల మీద నెత్తురు జాడ కూడా సరిగా పడదు. జింక ఎటు పోయిందో తెలియదు. అందుకే చాలా రాష్ట్రాలు జింక వేటలో విచ్చుకునే బుల్లెట్‌నే వాడాలని నియమం పెట్టాయి. ఈ కథలో మనకూ ఒక పాత్ర ఉంది. 1890లలో కలకత్తా పక్కన డమ్ డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్‌వాళ్లు మొన దగ్గర తొడుగు తీసిన సైనిక బుల్లెట్లు చేశారు. అవి మనుషులకు చేసే గాయాలు చూసి, 1899లో హేగ్ ప్రకటన యుద్ధంలో విచ్చుకునే బుల్లెట్లను నిషేధించింది. సైనికుడి విషయంలో క్రూరమని నిషేధించిన గుణాన్నే జింక విషయంలో దయ పేరుతో కోరుతున్నాం. ఇందులో వైరుధ్యం లేదు. సైనికుణ్ని పోరాటం నుంచి తప్పిస్తే చాలు, అతను బతకవచ్చు; జింకను మాత్రం తినడానికే చంపుతున్నాం, ఆ చావు ఎంత త్వరగా వస్తే అంత మేలు.

విచ్చుకోవడం మితిమీరినా చేటే. 1946లో జాన్ నోస్లర్ అనే అమెరికన్ వేటగాడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, బురద అట్టకట్టిన మూస్ అనే భారీ దుప్పి మీద కాల్చిన బుల్లెట్లు పైనే చిట్లి లోపలికి దిగలేదు. ఆయన ముందు వెనక రెండు సీసం గదులు, నడుమ రాగి గోడ ఉన్న బుల్లెట్ రూపొందించాడు. ముందుభాగం విచ్చుకుంటుంది, వెనకభాగం చెదరక లోతుకు దిగుతుంది. ‘పార్టిషన్’ పేరుతో అది నేటికీ అమ్ముడవుతోంది. మామూలు జింకకు అంత ఖరీదైనది అవసరం లేదు; 1939 నుంచి వస్తున్న రెమింగ్టన్ కోర్-లాక్ట్ వంటివి సరిపోతాయి.

సీసం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. విచ్చుకునేటప్పుడు రాలిన కంటికానని తునకలు మాంసంలో దూరం దాకా చెదురుతాయి. 2008లో నార్త్ డకోటాలో, పేదలకు పంచడానికి దానంగా వచ్చిన జింక మాంసంలో సీసం తునకలు కనబడితే దాన్ని పారేయమన్నారు. వేటగాళ్లు వదిలిన పేగులు తిని కాలిఫోర్నియా కాండర్ రాబందులు సీసం విషానికి లోనయ్యాయి. 1987 నాటికి ప్రపంచం మొత్తంలో మిగిలినవి 27. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం తూటాలు పూర్తిగా నిషిద్ధం. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ మాంసం వండేటట్టయితే, చట్టం అడగకపోయినా పూర్తి రాగి బుల్లెట్ కొనమంటాను. రాగి సీసం కన్నా గట్టిది, విచ్చుకోవడానికి ఎక్కువ వేగం కావాలి. కాబట్టి 308లో 130 గ్రెయిన్ల వంటి తేలికైనది ఎంచుకోవడం మంచిది.

సెంటర్‌ఫైర్: ప్రైమరు అడుగు నడిమధ్యన ఉన్నది. అంచున నిప్పందుకునే 22 రిమ్‌ఫైర్ తూటాతో జింకను కొట్టడం టెక్సస్‌లో నేరం.

2820: గొట్టం మూతి దాటేటప్పుడు సెకనుకు అడుగుల్లో వేగం. పరీక్షకు సాధారణంగా 24 అంగుళాల గొట్టం వాడతారు. మీది 20 అంగుళాలదైతే ఇంత రాదు. జింక మూతి దగ్గర నిలబడి ఉండదు కాబట్టి, తయారీదారు ఇచ్చే పట్టికలో 100, 200, 300 గజాల వరసలు చదవాలి. మూతి దగ్గర ఈ బుల్లెట్ శక్తి సుమారు 2650 ఫుట్-పౌండ్లు. జింకకు తగిలే చోట వెయ్యి ఉండాలన్నది వేటగాళ్ల వాడుక లెక్క. కొలరాడో రాష్ట్రం ఏకంగా వంద గజాల దగ్గర వెయ్యి ఉండాలని వేట నిబంధనల్లోనే రాసుకుంది. వంద గజాలకు గురి సరిచేసిన 308 బుల్లెట్ రెండువందల గజాల దగ్గర నాలుగు అంగుళాల దాకా కిందికి దిగుతుంది. ముందుకాలి వెనక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు వెడల్పు ఎనిమిది అంగుళాలే.

అధ్యాహారం: మూలంలో లేని ఒక మాటను పాఠకుడే తెచ్చి కలుపుకోవాలి. అది తుపాకి వెనక్కి తన్నే దెబ్బ. 308 తన్ను చాలామందికి భరించదగ్గదే. భుజం మీద పడబోయే దెబ్బకు ముందే జంకి కళ్లు మూసుకునేవాళ్లు మాత్రం జింకను పొట్టలో కొడతారు. వాళ్లకు 243 గానీ, హోర్నడీ 2007లో తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ గానీ ఇవ్వాలి. తన్ను తక్కువ, జింకకు శక్తి చాలినంత. ఇందులో నామోషీ పడవలసింది ఏమీ లేదు.

20: పెట్టెలోని తూటాల సంఖ్య. ఇలాంటి పెట్టె ఒకటే చాలదు. ఒకే లాట్ నంబరువి మూడు పెట్టెలు తీసుకుంటే, గురి సరిచేసినదీ వేటకు తీసుకెళ్లినదీ ఒకటే అవుతాయి. కంపెనీ మారితే, అదే బరువైనా, బుల్లెట్ పడే చోటు మారవచ్చు. పెట్టె ధరలో 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తయారీదారు కట్టిన 11 శాతం పన్ను కలిసి ఉంటుంది. అది రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. హెచ్-1బీ వంటి వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకే కాదు, తూటా దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. కాబట్టి వాళ్లు ముందు లైసెన్సు తీసుకుని, ఆ తరవాతే ఈ పెట్టె చేతిలోకి తీసుకోవాలి.